నేను దాచిన తొంభై సూదులు

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, ఈ పత్రికలో నా సాక్ష్యం అచ్చు కావడం ఇది రెండోసారి. మొదటిసారి రాసింది చదివి కన్నీళ్లు పెట్టుకున్నామని మీలో చాలామంది నాకు ఉత్తరాలు రాశారు, కొందరు దాన్ని గృహ ప్రార్థనల్లో చదివించుకున్నారు, కొందరు ఆ కాగితం కత్తిరించి బైబిల్లో పెట్టుకున్నారు. ఆ కాగితాన్ని ఇవాళ బయటికి తీయండి. తీసి, దాని పక్కన ఈ కాగితం పెట్టండి. ఎందుకంటే మొదటి సాక్ష్యంలో నేను సగమే చెప్పాను, దాచిన ఆ సగం ఒక మనిషి ప్రాణం తీసింది. సంపాదకులవారికి ముందుగానే మనవి చేస్తున్నాను. ఇందులో ఒక్క మాట కొట్టేయాలనిపించినా మొత్తం నాకు తిప్పి పంపండి, నేనే చేత్తో రాసి ఊరూరా పంచుకుంటాను!

నన్ను ఎరగనివారికి చెప్పాలి. నా పేరు ఏస్తేరు. నేను పుట్టింది వత్సవాయి దగ్గర ఒక పల్లెలో, కూలి చేసుకుని బతికే ఇంట్లో. నాన్న చిన్నప్పుడే ప్రభువు దగ్గరికి వెళ్లిపోతే, అమ్మ నాట్లు వేసి, కలుపు తీసి, పత్తి ఏరి నన్ను చదివించింది. టీచరు ట్రైనింగు అయ్యాక నందిగామ బడిలో ఉద్యోగం దొరికింది. పిల్లలకు సైన్సు చెబుతాను. గింజ ఎలా మొలకెత్తుతుందో, నీరు ఎలా ఆవిరవుతుందో, గ్రహణం ఎందుకు పడుతుందో చెప్పడమంటే నాకు చెప్పలేనంత ఇష్టం. ఆదివారం మాత్రం బస్సెక్కి జగ్గయ్యపేట మందిరానికి వెళ్లి పాటలు పాడి, వాక్యం విని వచ్చేదాన్ని. ఆదివారం ఏస్తేరు వేరు, సోమవారం ఏస్తేరు వేరు. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకునేవారు కాదు. ఆ సంగతి అప్పట్లో నాకు తప్పుగా తోచలేదు.

రష్యావాళ్లు ఆకాశంలోకి ఉపగ్రహాన్ని పంపిన సంవత్సరం అది. అది భూమి చుట్టూ ఎలా తిరుగుతుందో బల్ల మీద జామకాయ పెట్టి పిల్లలకు చూపిస్తున్నాను, దగ్గు వచ్చింది. సుద్దముక్క పొడి అనుకున్నాను. వారం పోయినా తగ్గలేదు, నెల పోయినా తగ్గలేదు, సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది, తెల్లారేసరికి చెమటతో పక్క తడిసిపోయేది, చేతి గాజులు మోచేతి దాకా జారిపోయేవి. ఒకరోజు నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు మీద ఎర్రగా మరక కనబడింది. సైన్సు చెప్పే మనిషినే, అదేమిటో నాకు తెలియదా? తెలుసు. తెలిసే రెండు నెలలు దాచాను. క్షయ అని తెలిస్తే ఉద్యోగం ఏమవుతుందో, అద్దె ఇంట్లో ఉండనిస్తారో లేదో, అమ్మ ఏమైపోతుందోనని భయం. సహోదరులారా, దాచడమన్నది నాకు అక్కడే అలవాటైంది. అది గుర్తుపెట్టుకోండి.

చివరికి నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లింది మా బడిలో పై తరగతులకు సైన్సు చెప్పే సుబ్బారావు మాస్టారు. ఆయన పక్కా నాస్తికుడు. దేవుడు లేడని సభల్లో మాట్లాడేవాడు, పండుగల రోజు కావాలని పనిచేసేవాడు. నేను మెట్ల మీద కూర్చుని ఊపిరి కోసం పాకులాడుతుంటే చూసి, "ఏస్తేరుగారూ, మీ ప్రార్థన మీరు దారిలో చేసుకోండి, ముందు రిక్షా ఎక్కండి" అన్నాడు. తాలూకా ఆసుపత్రిలో కళ్లె పరీక్ష చేశారు. నేను సైన్సు టీచరునని విని ఆ డాక్టరుగారు నన్ను భూతద్దాల యంత్రం దగ్గరికి పిలిచి, "మీరే చూడండమ్మా" అన్నారు.

కన్ను ఆనించి చూశాను. నీలం రంగు మీద సన్నటి ఎర్రటి పుల్లలు, చెదిరిపోయిన అగ్గిపుల్లల్లా. ఇవా నన్ను తినేస్తున్నవి! అక్కడే నిలబడి లోలోపల ప్రార్థన చేశాను. "ప్రభువా, ఇంతకాలం పాఠంలో చెప్పాను గానీ ఇవి ఇంత చిన్నవని నేనెరగను. నీకు వీటిలో ఒక్కొక్కటీ తెలుసు. నా తలవెంట్రుకలు లెక్కపెట్టినవాడివి వీటినీ లెక్కపెట్టే ఉంటావు. నన్ను వీటికి వదిలేయకు తండ్రీ." ఆ క్షణంలోనే మొదటిసారి ఆదివారం ఏస్తేరు, సోమవారం ఏస్తేరు ఒక్క చోట నిలబడ్డారు. దేవునికి స్తోత్రం!

సెలవు పెట్టి మంచం ఎక్కాను. అమ్మ పల్లె నుంచి వచ్చి నా దగ్గర ఉంది. రోజుకో సూది చొప్పున తొంభై సూదులు, వాటి తర్వాత ఏడాదిన్నర మాత్రలు. మందు దొరకని వారాల్లో సుబ్బారావు మాస్టారు బెజవాడ వెళ్లి తెచ్చేవాడు. శుక్రవారం శుక్రవారం జగ్గయ్యపేట నుంచి మా సంఘ పెద్ద జకరయ్యగారు వచ్చి మోకాళ్ల మీద నిలబడి ప్రార్థన చేసేవారు. అరవై దాటిన మనిషి, బస్సులో అంత దూరం వచ్చి, నా కోసం ఉపవాసముండి, అందరూ దూరంగా జరిగే నా మంచం పట్టె మీద చెయ్యి వేసి ఏడ్చి ప్రార్థించారు. ఆయన మీద నాకు కోపం ఉంది, ఆ సంగతి కిందికి వస్తుంది, కానీ ఆ ప్రేమను మాత్రం నేను చచ్చినా మరిచిపోను.

ఒక్కోసారి ఆ ఇద్దరూ ఒకే పూట వచ్చేవారు. నా మంచానికి అటు ఒకరు, ఇటు ఒకరు. జకరయ్యగారు, "సూదుల మీద ఆనుకోకమ్మా, దేవుని మీద ఆనుకో" అనేవారు. సుబ్బారావు మాస్టారు, "ఆనుకోవడం తర్వాత, ముందు చెయ్యి చాపండి" అనేవాడు. ఒకరోజు మాస్టారు మందు బుడ్డి నా కళ్ల ముందు పెట్టి, "ఈ మందు ఎక్కడిదో తెలుసా? మట్టిలోది. మట్టిలో బతికే ఓ చిన్న జీవిలోంచి తీశారు. పైనుంచి ఏదీ ఊడిపడలేదండి" అన్నాడు. నాకు ఆనందం ఆగలేదు. దగ్గుతూనే లేచి కూర్చుని, "మాస్టారూ, నన్నూ ఆయన మట్టిలోంచే తీశాడండి! నన్ను తీసిన మట్టిలోనే నా మందూ పెట్టి ఉంచాడన్నమాట!" అన్నాను. ఆయన తల పట్టుకుని, "మీతో వాదించడం నా వల్ల కాదు, మాత్ర మింగండి" అన్నాడు.

డెబ్బై సూదులు దాటాక చెవుల్లో హోరు మొదలైంది. ఈ మందు కొందరికి చెవికి చేటు చేస్తుందని డాక్టరుగారు ముందే చెప్పారు. తొంభై పూర్తయ్యేసరికి దగ్గు పోయింది, జ్వరం పోయింది, నా ఎడమ చెవి కూడా పోయింది. మళ్లీ కళ్లె పరీక్ష చేసి, "ఒక్క పుల్ల కూడా లేదమ్మా" అన్నారు. అమ్మ ఆసుపత్రి వరండాలోనే సాగిలపడి స్తుతించింది. నేను డాక్టరుగారి చేతులు పట్టుకుని ఏడ్చాను. రెండూ ఒకే కృతజ్ఞత, సహోదరులారా, నాకు అందులో తేడా కనబడలేదు. ఇప్పటికీ కనబడదు.

ఇక నా పాపం చెబుతాను.

స్వస్థత పొందినవాళ్లు కృతజ్ఞతా కూడికలో సాక్ష్యం చెప్పడం, దాన్ని రాసి పత్రికకు పంపడం మన వాడుక. నేనూ రాశాను. అందులో సూదులున్నాయి, మాత్రలున్నాయి, మాస్టారు ఉన్నాడు, నా చెవి ఉంది. జకరయ్యగారు చదివి, "అంతా బాగుందమ్మా, ఈ సూదుల మాట ఎందుకు? వినేవాళ్లకు అది ఆసుపత్రి కథలా ఉంటుంది. దేవుని మహిమ సూదికి పంచిపెట్టినట్టుంటుంది" అన్నారు. ఆయన ఏదీ కొట్టేయలేదు. కలం నా చేతికిచ్చారు. కొట్టేసింది నేను! ఎందుకు కొట్టేశానో చెప్పనా? సూదులు తీసేస్తే ఆ కథ ఎంత పెద్దదయిందో చూసుకున్నాను. తీసేశాక అందులో డాక్టరు లేడు, మాస్టారు లేడు, నేనూ నా విశ్వాసమూ మాత్రమే మిగిలాం. 'ప్రార్థన తప్ప వేరే ఆధారం లేకుండా ప్రభువు నన్ను లేవనెత్తాడు' అని రాశాను. జగ్గయ్యపేట మందిరంలో నిలబడి అదే చెప్పాను. స్త్రీలు వచ్చి నా చేతులు ముద్దుపెట్టుకున్నారు. మహిమ ఆయనకని నోటితో అంటూ జేబులో నేను వేసుకున్నాను.

రెండేళ్లు గడిచాయి. ఒక శనివారం ఒంటిపూట బడి వదిలి ఇంటికి వచ్చేసరికి అరుగు మీద ఒకతనూ, పద్దెనిమిదేళ్ల అమ్మాయీ కూర్చుని ఉన్నారు. అతను లేచి దణ్ణం పెట్టాడు. "టీచరమ్మగారూ, నా పేరు ఇశ్రాయేలండి, మాది గరికపాడు. ఇది నా కూతురు రూతు. మా ఇంటిదాన్ని మీరెరగరు గానీ, మీరు దానికి బాగా తెలుసండి" అంటూ సంచిలోంచి బైబిలు తీశాడు. అందులోంచి మడతలు పడ్డ కాగితం ఒకటి తీసి నా చేతికిచ్చాడు. నా సాక్ష్యం!

అతని భార్య దీనమ్మకు నాకొచ్చిన జబ్బే వచ్చింది. జగ్గయ్యపేట ఆసుపత్రిలో సూదులు మొదలుపెట్టారు. ఇరవై సూదులయ్యాయి, కాస్త తేరుకుంటోంది, అప్పుడు వాళ్ల వాడలో గృహ ప్రార్థనలో ఎవరో నా సాక్ష్యం చదివారు. దీనమ్మ ఆ కాగితం అడిగి తీసుకుని, "ఆ టీచరమ్మ చదువుకున్న మనిషి, సైన్సు చెప్పే మనిషి, ఆమే మందు లేకుండా దేవుణ్ణి నమ్ముకుంది, నాకేం పుట్టింది?" అని మర్నాటి నుంచి ఆసుపత్రికి వెళ్లడం మానేసింది. ఎనిమిది నెలలకు పోయింది.

ఇశ్రాయేలు నన్ను తిట్టడానికి రాలేదు, సహోదరులారా. తిట్టినా బాగుండేది! నాకు కృతజ్ఞత చెప్పడానికి వచ్చాడు. "ఆ కాయితం గుండెల మీద పెట్టుకుని ధైర్యంగా పోయిందండి. మీ పుణ్యమే" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఇప్పుడు దీనికీ దగ్గు పట్టుకుందండి. మందు వద్దంటది. మీరు ప్రార్థన చేస్తే చాలంటది" అన్నాడు. రూతు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. ఆ దగ్గు నాకు తెలుసు. అది నా దగ్గే.

నేను వాళ్ల ముందు నేల మీద కూలబడ్డాను. "అమ్మా రూతూ, నేను మందు వేయించుకున్నాను. తొంభై సూదులు వేయించుకున్నాను" అని చెప్పాను. ఆ పిల్ల నా వైపు జాలిగా చూసింది. "అచ్చులో అట్టా లేదుగా టీచరమ్మగారూ? నేను ఆసుపత్రికి పోవాలని ఇప్పుడట్టా చెబుతున్నారు. మా అమ్మ నమ్మింది, నేనూ నమ్ముతా" అంది. ఎంత బతిమాలినా వినలేదు. చివరికి లేచి వెళ్లబోతూ, "మీరు ఆ సాక్ష్యం దేవుని ఎదుట, మందిరంలో నిలబడి చెప్పారు. ఇది కూడా అక్కడ నిలబడి చెప్పండి, అప్పుడు చూద్దాం" అంది.

మర్నాడు గరికపాడు వెళ్లాను. దీనమ్మ సమాధి దగ్గర నిలబడ్డాను, పల్నాటి బండ ఒకటి తలవైపు పాతారు, అంతే. ఆ ముఖం నేను ఏనాడూ చూడలేదు, ఆమె మాత్రం నా మాట మీద ప్రాణం పెట్టింది. నాకు ప్రార్థన రాలేదు. అరిచాను. "ప్రభువా, నిన్ను పెద్దవాణ్ణి చేద్దామని నేను అబద్ధమాడానా? నీకు నా అబద్ధం కావాలా? నా సాయం లేకపోతే నువ్వు చిన్నవాడివైపోతావా? ఈమెను నేను లేపలేను. ఈమె కూతుర్నయినా నాకివ్వు! నా పరువంతా తీసుకో, నా ఉద్యోగం తీసుకో, ఆ పిల్లను మాత్రం నాకివ్వు!" ఏడ్చి ఏడ్చి లేచేసరికి ఎందుకో నా మనసు గట్టిపడింది. ఇక ఎవరికీ భయపడేది లేదని అనిపించింది.

అక్కణ్ణుంచి నేరుగా జగ్గయ్యపేట వెళ్లి జకరయ్యగారిని కలిశాను. వచ్చే ఆదివారమే కోతపండుగ, చుట్టుపక్కల సంఘాలన్నీ వస్తాయి, ఆరోజు నేను మాట్లాడతానన్నాను. ఆయన అదిరిపడ్డారు. "సాక్ష్యం మార్చడమా! మన ఎదుటివాళ్లు నవ్వరామ్మా? ఆ నాస్తికుల సభల్లో నీ పేరు చెప్పి చప్పట్లు కొడతారు. దీనమ్మ విశ్వాసంతో వెళ్లింది, మహిమలో ఉంది, ఆమె సంగతి ఎందుకు తవ్వుతావు? నేను ఒప్పుకోను" అన్నారు. ఆయన ఒళ్లో బైబిలు తెరిచి ఉంది, ముక్కు మీద కళ్లద్దాలున్నాయి. నా నోరు ఆగలేదు. "అయ్యగారూ, ఆ అద్దాలు తీసేసి విశ్వాసంతో చదవండి, వింటాను" అన్నాను. పెద్దమనిషిని అలా అనకూడదు, నాకు తెలుసు. కానీ అన్నాను. ఆ అద్దాలతో వాక్యం చదివితే తగ్గని మహిమ నా సూదితో ఎలా తగ్గుతుంది? జబ్బుపడ్డ రాజుకు పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టమన్న ప్రవక్త అవిశ్వాసా? గుడ్డివాడి కళ్లకు బురద పూసిన ప్రభువుకు మాట మాత్రం చాలదా? ఆయన బురదకు సిగ్గుపడలేదు. సూదికి మనమెందుకు సిగ్గుపడుతున్నాం? అయినా ఆయన ఒప్పుకోలేదు.

కోతపండుగ రోజు వచ్చింది. మన దగ్గర ఆ రోజు వాడుక మీకు తెలిసిందే. ఎవరికి పండింది వాళ్లు తెచ్చి వరసగా నడిచి, బల్ల ముందు నిలబడి, ఏమి తెచ్చారో, దేవుడు చేసిన ఏ మేలుకు తెచ్చారో గట్టిగా చెప్పి అక్కడ పెడతారు. ఆ వరసలో నిలబడ్డ మనిషిని ఎవరూ ఆపరు, ఎంత పేదవాడైనా ఆపరు. సాక్ష్యానికి నాకు అనుమతి లేదు గానీ కానుకకు అనుమతి ఎవరివ్వాలి? జొన్న కంకులు, వడ్లు, పత్తి, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు పట్టుకుని నడుస్తున్న జనంలో నేనూ ఒక చేట పట్టుకుని నిలబడ్డాను. చేటలో నా మందు బుడ్డీలు, తొంభై. ఆ చిన్న గాజు బుడ్డీలను అమ్మ కడిగి దాచింది. తర్వాత వాటిలో గింజలూ ఉప్పులూ పురుగులూ వేసి పాఠాలకు వాడుకున్నాను. ముందురోజు అన్నీ ఖాళీ చేసి మళ్లీ కడిగాను. నడుస్తుంటే అవి ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి, అందరూ తలలు తిప్పి చూశారు.

బల్ల ముందు నిలబడి చెప్పాను. "నా పేరు ఏస్తేరు. ఇవి నాకు వేసిన సూదుల మందు బుడ్డీలు. దేవుడు నన్ను క్షయ నుంచి బాగుచేసిన మేలుకు ఇవి తెచ్చాను. ఆయన వీటితోనే నన్ను బాగుచేశాడు. రెండేళ్ల కింద ఇదే చోట నిలబడి వీటిని దాచాను. దాచి మహిమ ఆయనకిస్తున్నానని చెప్పి నేను తీసుకున్నాను. నా మాట నమ్మి గరికపాడు దీనమ్మ మందు మానేసి చనిపోయింది. ఆమె విశ్వాసం తక్కువై చనిపోలేదు, నా నిజం తక్కువై చనిపోయింది. దేవా, నన్ను క్షమించు. సంఘమా, నన్ను క్షమించు."

ఎవరో కోపంగా గొణిగారు. ఒక పెద్దావిడ, "మందిరంలో ఇవేం మాటలు!" అంది. కాళ్లు కట్టిన కోడి ఒకటి అరిచింది. జకరయ్యగారు లేచి నా వైపు వచ్చారు. ఆపడానికే వస్తున్నారనుకుని చేట గట్టిగా పట్టుకున్నాను. ఆయన ఒక బుడ్డి తీసి, కళ్లద్దాలు సర్దుకుని, వెలుతురుకు పట్టి చాలాసేపు చూశారు. "ఇది ఖాళీగా ఉందేమ్మా" అన్నారు మెల్లగా. "అందులోది నాలోకి వచ్చింది కాబట్టే మీ ముందు నిలబడ్డానయ్యగారూ" అన్నాను. ఆయన బుడ్డి కిందికి దించారు. "దీనమ్మ వాడలో ఆ కాయితం చదివింది నేనేనమ్మా" అన్నారు. నాకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. ఆయన ఆ బుడ్డిని తీసుకెళ్లి జొన్న కంకుల మధ్య నిలబెట్టి, నా చేతిలోంచి చేట అందుకుని బల్ల మీద పెట్టి, అక్కడే మోకరించారు.

ఆరాధన అయ్యాక రూతు నా దగ్గరికి వచ్చింది. "నొప్పేస్తదా?" అని అడిగింది. "వేస్తుంది" అన్నాను. "సూదులకు చెవి పోతదంటారు, నిజమేనా?" అంది. "నిజమే. నాది పోయింది. నీది పోదని నేను చెప్పలేను. ఇక నీకు ఏదీ దాచి చెప్పను" అన్నాను. ఆ పిల్ల నా ముఖంలోకి చూసి, "అయితే నమ్ముతా" అంది. సోమవారం పొద్దున్నే ఆసుపత్రి బల్ల మీద నా పక్కన కూర్చుని, నేను ప్రార్థన చేస్తుండగా చెయ్యి చాపింది. ఆ పక్కన జకరయ్యగారు కూర్చున్నారు. మూడో సూది నుంచి ఆయనే రోజూ తీసుకెళ్లారు.

ప్రియమైన పాఠకులారా, నేను ఇంకా సైన్సే చెబుతున్నాను, ఇంకా మందిరానికే వెళ్తున్నాను. రెండింటిలో ఒకటి తేల్చుకోమని రెండు వైపుల వాళ్లూ అంటున్నారు. తేల్చుకోను! మనిషి ఆకాశంలోకి వెళ్లొచ్చాడు, ఇంకా దేవుడంటావేమిటని మా బడిలో అడిగారు. మనకు తెలియని చోట్లలోనే దేవుడుంటే, నేను ఒక్కో పాఠం నేర్చుకున్నకొద్దీ ఆయన ఒక్కో గది ఖాళీ చేసి వెళ్లిపోవాలి. నా దేవుడు అద్దెకున్నవాడు కాదు, ఆ ఇల్లు ఆయనదే. నాకు తెలిసిన గదిలోనూ ఆయనే, తెలియని గదిలోనూ ఆయనే. సుబ్బారావు మాస్టారు ఈ వ్యాసం చదివి, "సూదుల గురించి సరిగ్గా రాశారు, మిగతాది మీ ఇష్టం" అన్నాడు. ఆయన కోసం రోజూ ప్రార్థన చేస్తున్నానని ఆయనకు తెలుసు, విసుక్కుంటాడు, అయినా మానను. మందు వాడేవాళ్లకు విశ్వాసం తక్కువని ఇంకా చెప్పేవాళ్లు కొందరున్నారు. వాళ్లు వచ్చి నా ఎడమ వైపు కూర్చుని ఎంతసేపైనా చెప్పుకోవచ్చు.

రూతు బాగుపడింది. రెండు చెవులూ బాగున్నాయి, దేవునికి స్తోత్రం! ఈ ఏడు కోతపండుగకు పాట ఎత్తుకున్నది తనే. ఊపిరి ఆపకుండా ఎంత గట్టిగా పాడిందంటే, ఆ గొంతు నా ఎడమ చెవికి కూడా వినబడినట్టనిపించింది.

మీలో ఎవరైనా దగ్గును కొంగు చాటున దాచుకుంటున్నారా? ఎవరికైనా మందు మానేస్తేనే దేవుడు చూస్తాడని చెప్పారా? దయచేసి రండి. నందిగామ బడి దగ్గర ఏస్తేరు టీచరు ఇల్లు ఎవరినడిగినా చూపిస్తారు. నా కుడి పక్కన కూర్చుని మీ బాధ చెప్పండి, వింటాను. ముందు ఇద్దరం ప్రార్థన చేద్దాం, తర్వాత ఇద్దరం ఆసుపత్రికి నడుద్దాం, ఆ రెండు చోట్లా మన కోసం ఎదురుచూసేది ఒక్కడే. ఆయన్ను నమ్మండి, ఆయన సిగ్గుపరచడు. దేవునికే మహిమ, ఈసారి సూదులతో సహా!